కాసులపేరులో రోము చక్రవర్తి

మా ప్రొద్దుటూరు వాళ్లు ఏ ఊరు వెళ్లినా ముందు అక్కడి బంగారు అంగళ్ల వీధి ఎటని అడుగుతారు. నేనూ అంతే. ఇరవై ఏళ్లకు పైగా బంగారు అంగట్లో లెక్కలు రాస్తున్నాను. బడి చదువు ఐదో తరగతితో ఆగింది. ఆ తర్వాత నేర్చుకున్నదంతా గ్రంథాలయంలోనూ తక్కెడ ముందూ నేర్చుకున్నదే. అయినా 1970 ఆగస్టులో నేను కోస్తాకు వెళ్లింది బంగారం కొనడానికీ కాదు, అమ్మడానికీ కాదు. ఒకే ఒక్క కాసును కంటితో చూసి రావడానికి.

గోడ మీది క్యాలెండరులో జూలైకీ ఆగస్టుకీ వరసగా ముప్పై ఒక్కటేసి రోజులు ఎందుకొచ్చాయన్న అనుమానం నాకు చిన్నప్పుడే పట్టుకుంది. దాని వెంట పడితే రోము దేశానికి చేరాను. జూలై నెల సీజరు పేరు మీదిది. ఆగస్టు అతని దత్తపుత్రుడు ఆగస్టస్ పేరు మీదిది. నాలుగేళ్లకు ఒక రోజు కలపాలని సీజరు లెక్క కట్టించి పెట్టాడు. అతను పోయాక అక్కడి పూజారులు పొరపాటున మూడేళ్లకే కలుపుతూ పోయారు. ఆగస్టస్ ఆ తప్పు పట్టుకుని, కొన్నేళ్లపాటు అసలు రోజు కలపకుండా ఆపించి, లెక్కను దారికి తెచ్చాడు. యుద్ధాలు గెలిచిన రాజులు చాలామంది ఉన్నారు. తప్పిన లెక్కను ఓపికగా సరిదిద్దిన రాజు నాకు ఇతనొక్కడే కనిపించాడు. ఈ రోజుకీ మనం జీతం తీసుకునేదీ, రైలెక్కేదీ ఆ లెక్క ప్రకారమే.

అతని మొహం ఉన్న బంగారు కాసు మన కృష్ణా డెల్టాలో, ఒక ఆడమనిషి కాసులపేరులో ఉందని తెలిస్తే ఇంట్లో ఎలా కూర్చోగలను?

తెనాలి

ఆ సంగతి చెప్పింది తెనాలి స్వర్ణకారుడు వీరాచారి. ఎండాకాలంలో పనిముట్లు కొనడానికి మా ఊరు వచ్చి, మా అంగట్లో మాటల మధ్య అన్నాడు. తాను బాగుచేసిన ఒక కాసులపేరులో మధ్య కాసు మాత్రం వేరేగా ఉందట. ఒక పక్క తలకు ఆకులు చుట్టుకున్న నున్నటి మొహం. రెండో పక్క డాళ్లు పట్టుకుని నిలబడ్డ ఇద్దరు కుర్రాళ్లు. పుస్తకంలో నేను చూసిన బొమ్మ అచ్చంగా అదే.

తెనాలిలో దిగగానే నన్ను తికమకపెట్టింది నీళ్లు. ఊరి మధ్యలోంచి కాలువలు నిండుగా పారుతుంటే జనం వాటివైపు చూడకుండానే వంతెన దాటిపోతున్నారు. మా వైపు అంత నీరు పారితే పనులు మానుకుని చూడటానికి వెళ్తాం. హోటల్లో పెసరట్టు ఉప్మా నలభై పైసలు. అట్టు మీద అల్లం, దానిలోపల ఉప్మా, పక్కన మళ్లీ అల్లం పచ్చడి. కళ్లలో నీళ్లు తిరిగాయి. "కొత్తా బాబాయ్‌గారూ?" అంటూ వడ్డించేవాడు అడక్కుండానే చెంచాడు నెయ్యి వేశాడు. నెయ్యికి డబ్బు తీసుకోలేదు.

వీరాచారి కొట్టు చిన్న గది. నిప్పుల కుంపటి, ఊదుగొట్టం, గోడకు దేవుడి పటం. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"నిజంగానే వచ్చేశారే! ఒక్క కాసు కోసం అంత దూరమా?"

"ఎప్పుడు చూడొచ్చు?" అని అడిగాను.

"అది ఏడాదికి ఒక్కరోజే బయటికొస్తుందండి. వరలక్ష్మీవ్రతం నాడు కలశం ముందు పెడతారు. ఆ మర్నాడు పేరు మొత్తం నా దగ్గరికొచ్చేస్తుంది, కరిగించటానికి. కోడలిగారికి కొత్త మోడల్ గొలుసు కావాలంట. ఈ రోజుల్లో కాసులపేర్లు ఎవరేసుకుంటున్నారు చెప్పండి?"

నేను ముందుకు జరిగాను. "ఆ కాసు కూడానా?"

"అది మాత్రం కాదు. దాని మీద రామలక్ష్మణులున్నారుగా! ఆ ఇంటి అత్తగారు రత్నమ్మగారు ముందే చెప్పారు, దాన్ని కుంపట్లో పెడితే కళ్లు పోతాయని." గొంతు తగ్గించి ఇలా అన్నాడు: "అందుకే చెప్తున్నా. చూడండి, దణ్ణం పెట్టుకోండి, వచ్చేయండి. అది రాముడు కాదు, ఎవడో పరదేశపు రాజని మీరు నోరు జారారో, మిగతా కాసులతోపాటు అదీ మూసలో పడుద్ది."

డాళ్లూ ఈటెలూ పట్టిన ఇద్దరు రోము కుర్రాళ్లను ఆ ఇంటివాళ్లు విల్లంబులు పట్టిన రామలక్ష్మణులు అనుకున్నారు. ఆ పొరపాటే కాసును ఇన్నాళ్లూ కాపాడింది. నేను తెలుసుకున్న నిజమేమో దాన్ని కరిగించేలా ఉంది.

వచ్చేటప్పుడు వీరాచారి బంగారం తూచే గురిగింజలు గుప్పెడు కాగితంలో పొట్లం కట్టి ఇచ్చాడు. మా అంగట్లో ఇప్పుడు వాటిని వాడటం లేదంటే నమ్మలేకపోయాడు. "తూకపు రాళ్లు పోతాయి గానీ గింజలు పోవండి, ఉంచుకోండి," అన్నాడు.

బాపట్ల

రత్నమ్మగారి అత్తిల్లు రేపల్లె దగ్గరి పల్లె, పుట్టిల్లు బాపట్ల. ఊరూ పేరూ తెలియని మగవాణ్ణి వ్రతం ఇంటికి రానివ్వరు కాబట్టి, ఆమె అన్నగారు కోటేశ్వరరావు గారి దగ్గర సిఫారసు ఉత్తరం తీసుకోవడానికి ముందు అక్కడికి వెళ్లాను. అరవై దాటిన మనిషి. కొంత పొలం, కొంత పొగాకు వ్యాపారం. ఇంట్లో ఒక్క దేవుడి పటం కూడా లేదు. శ్రావణమాసమని తెలిసే, నన్ను చూడగానే లోపలికి కేకేశారు.

"కోడి కోయమను! సీమ నుంచి చుట్టం వచ్చాడు!"

శ్రావణంలో నేను తిననని మెల్లగా చెప్పాను.

"అయితే పప్పు తినండి. నేను వాదించను," అన్నారు. తర్వాత రెండు గంటలు వాదించారు. పప్పులో గోంగూర, మీద నెయ్యి, నంజుకోడానికి ఊరమిరపకాయలు. ఆయన వాదన వింటూనే మామూలుగా తినేదానికి రెట్టింపు తిన్నాను.

కాసు ఎలా దొరికిందో ఆయనే చెప్పారు. సముద్రానికి దగ్గరలో వాళ్ల తాతగారికి సరుగుడు తోట ఉండేది. అందులో బావి తవ్వుతుంటే ఇసుకలో బయటపడిందట. ఒక్కటే. చెల్లెలి పెళ్లిలో పసుపు కుంకుమ కింద ఇచ్చారు.

"అది రాముడి బిళ్ల అని మా నాయనమ్మ మొదలుపెట్టింది. నలభై ఏళ్ల నుంచి మా రత్నం దానికి బొట్లు పెడుతోంది. నేను ఎంత చెప్పినా వినదు. మీరెవరో లెక్కా పత్రం తెలిసిన మనిషిలా ఉన్నారు. ఉత్తరం రాసిస్తా, కానీ ఒక షరతు. దానికి నిజం చెప్పాలి."

తెనాలిలో ఒకరు చెప్పొద్దన్నారు. ఇక్కడ ఒకరు చెప్పి తీరాలంటున్నారు. చెప్పకపోతే కాసును చూడలేను, చెబితే కాసు ఉండదు. కాసేపు ఆలోచించి మాట ఇచ్చాను. అబద్ధం చెప్పి చూసింది చూసినట్టు ఎలా అవుతుందనిపించింది.

ఉత్తరం మడిచి ఇస్తూ ఆయన గొంతు మారింది. "కాస్త నెమ్మదిగా చెప్పండి. దానికి ఇద్దరు మగపిల్లలుండేవాళ్లు. మశూచిలో ఒక్క నెలలో ఇద్దరూ పోయారు. ఆ తర్వాతే మరిది కొడుకు రంగారావుని పెంచుకుంది. కుర్రాడు మంచివాడు. కానీ చుట్టాలు ఊరుకుంటారా? పెంపుడు కొడుకు ఆస్తి కోసమే అమ్మా అంటాడని ఇప్పటికీ సాధిస్తుంటారు."

సాయంత్రం సూర్యలంక ఒడ్డుకు వెళ్లాను. సముద్రం చూడటం నా జీవితంలో అదే మొదటిసారి. కొలవడానికి పనికొచ్చే గుర్తు ఒక్కటీ కనబడని నీటిముందు నిలబడ్డాను. గాలుల లెక్క తెలుసుకుని ఓడలు ఈ నీటి మీదనే వచ్చాయి. బంగారం తెచ్చి, బట్టా మిరియాలూ తీసుకుపోయాయి. రోము రాజ్యంలో అచ్చు పడిన ఒక బిళ్ల ఎన్ని చేతులు మారి, ఎవరి మూటలోంచి జారి ఈ ఇసుకలో పడిందో! తడి ఇసుక తగిలి పాదాలు చల్లబడుతున్నా కదలబుద్ధి కాలేదు.

చెరుకుపల్లి మీదుగా

రేపల్లె బస్సులో నా పక్కన పేరాల నేతగాడొకాయన కూర్చున్నాడు. ఒళ్లో చీరల మూట. వ్రతం ముందు అమ్ముకోవడానికి ఊళ్లు తిరుగుతున్నాడు. ఎక్కడికెళ్తున్నానని అడిగితే చెప్పేశాను. రోము దొరసానులు మన సన్నబట్ట కోసం ఎగబడేవారనీ, బంగారమంతా తూర్పుకు పోతోందని వాళ్ల పెద్దలు వాపోయేవారనీ చెప్పాను.

ఆయన మూట మీద చెయ్యేసుకుని ఆలోచించాడు. "అయితే మావాళ్లే నేసుంటారండి."

"ఉండొచ్చు."

"మరి బంగారమేదండీ?" అన్నాడు. వెనక సీటు వాళ్లు పకపకా నవ్వారు. "మగ్గం మాకిచ్చి కాసు షావుకారు జేబులో పెట్టుకోవటం అప్పట్నుంచీ ఉందన్నమాట!" దిగేటప్పుడు మా ఆవిడకని ఒక చీర అంటగట్టాడు. బేరమాడదామనుకున్నాను గానీ, అంతసేపు వాళ్ల నేత గొప్ప చెప్పినవాణ్ణి ఏ మొహంతో తగ్గించమంటాను?

రేపల్లె దగ్గరి పల్లె

బస్సు దిగి పొలం గట్టు మీద నడవాలి. ఎటు చూసినా నాట్లు. ఆకుపచ్చ మధ్యలో ఆకాశం ముక్కలు ముక్కలుగా కనిపిస్తోంది. మా నేల మీద నడిచిన కాళ్లకు ఈ బంకమన్ను అలవాటు లేదు. జారి మోకాలి వరకు దిగబడ్డాను. లేచి సంచి చూసుకుంటే, వెంట తెచ్చుకున్న తక్కెడ ఉంది, అర తులం రాయి ఉంది. సన్న తూకపు రాళ్ల డబ్బీ బురదలో ఎక్కడ మునిగిందో తెలియలేదు. నాటు వేస్తున్న ఆడవాళ్లు నడుములెత్తి చూశారు. "పంతులుగారూ, మడిలో కాదండీ, గట్టు మీద నడవాలి!" అని ఒకామె అరిచింది. అందరూ నవ్వారు. నవ్వుతూనే ఒకామె వచ్చి నా చెయ్యి పట్టి పైకి లాగింది.

రత్నమ్మగారు అరుగు మీదికి వచ్చి నా వాలకం చూశారు. సన్నటి మనిషి. మెడలో ఏమీ లేదు, నుదుట విభూతి. అన్నగారి ఉత్తరం కొడుకు రంగారావు చదివి వినిపించాడు.

"ముందు కాళ్లు కడుక్కో తమ్ముడూ. దేవుడు ఎక్కడికీ పోడులే," అన్నారామె. ఆమె నన్ను తమ్ముడన్నారు కాబట్టి ఆ క్షణం నుంచి రంగారావు నన్ను మావయ్యగారూ అని పిలవడం మొదలుపెట్టాడు. ఆ ప్రాంతంలో చుట్టరికం అంత సులువుగా కలుస్తుంది.

ఆమె భర్త పోయి చాలా ఏళ్లయింది. వ్రతం ఇప్పుడు కోడలు కమల చేస్తోంది. పూజ అయ్యేదాకా నేను అరుగు మీదే కూర్చున్నాను. లోపలి నుంచి మామిడాకుల వాసన, గంట చప్పుడు, ఉడికిన శనగల వాసన. తర్వాత పులిహోర, పూర్ణం బూర్లు, గారెలు పెట్టారు. మా వైపు పూర్ణాన్ని ఓళిగల్లో, అంటే బొబ్బట్లలో, పెట్టి కాలుస్తాం. వీళ్లు దాన్ని పిండిలో ముంచి నూనెలో వేస్తారు. బూరెకు చిల్లు పెట్టి అందులో నెయ్యి నింపి ఇచ్చింది కమల. మా ఓళిగలే గొప్పవని ఇక గట్టిగా చెప్పలేను.

అప్పుడు రత్నమ్మగారు ఇత్తడి పళ్లెం తెచ్చి నా ముందు పెట్టారు. తమలపాకు మీద, పేరు నుంచి విడదీసిన కాసు. దాని మీద పసుపు, రెండు కుంకుమ బొట్లు. బొట్ల కింద, వేళ్లు రాసి రాసి అరిగిన ఇద్దరు కుర్రాళ్లు. మొహాలు లేవు. డాళ్ల గుండ్రాలు, ఈటెల గీతలు మాత్రం తెలుస్తున్నాయి.

"తిప్పి చూడొచ్చా అక్కయ్యా?"

"చూడు. అటుపక్క ఎవరో ఉన్నారు. దశరథుడేమో."

తిప్పాను.

నలభై ఏళ్లుగా ఆకు వైపే తిరిగి ఉండటంవల్ల ఆ పక్క అరగలేదు. నున్నటి చెంప, సన్నటి ముక్కు, తల చుట్టూ ఆకులు. పుస్తకంలో బొటనవేలంత మసక బొమ్మగా చూసిన మొహం నా అరచేతిలో వెచ్చగా ఉంది. ఏ నెలకు అతని పేరు పెట్టారో ఆ నెలలోనే అతన్ని చూస్తున్నాను. సంచిలో చెయ్యి పెట్టి తక్కెడ తీశాను.

"అదేంటి తమ్ముడూ, దేవుణ్ణి తూస్తావా?"

తక్కెడ పట్టుకునే ఆగాను. ఆమే నవ్వి, "సరేలే, కృష్ణుణ్ణే తూచారు. తూచుకో," అన్నారు.

సన్న రాళ్లు బురదలో పోయాయి. వీరాచారి గురిగింజలు అప్పుడు అక్కరకొచ్చాయి. పుస్తకంలోని బరువును తులాల్లోకి మార్చి ముందే వేసుకున్న లెక్క ప్రకారం అర తులం రాయితోపాటు పదిహేడు గింజలు తూగాలి. పదహారు పడగానే ముల్లు నిలబడింది. దారం కోసం పెట్టిన చిల్లులో కొంత పోయి ఉంటుంది. మిగతా తరుగు ఇంతమంది ఆడవాళ్ల వేళ్లకు పసుపుతోపాటు అంటుకుని పోయి ఉంటుంది. రెండు వేల ఏళ్ల కింద ఎక్కడో ఒకడు తూచి అచ్చు వేశాడు. నేను రేపల్లె దగ్గర అరుగు మీద కూర్చుని తూచాను. ఇద్దరి లెక్కకూ తేడా ఒక్క గింజ. ఇంతకన్నా గొప్ప సంగతి నాకు జీవితంలో ఎదురుకాలేదు.

"ఏంటి, రామలక్ష్మణులేగా?" అన్నారు రత్నమ్మగారు.

"కాదక్కయ్యా," అన్నాను. ఇచ్చిన మాట తప్పలేకపోయాను.

గడప దగ్గర నిలబడ్డ కమల మొహంలో వెలుగు వచ్చింది. "అయితే అదీ గొలుసులో కలిపేయొచ్చుగా అత్తయ్యా!"

"ఉండవే. ఎవరంట మరి?"

చెప్పాను. పెద్దపులిలాంటి ఒక సేనాపతి, సీజరు. అతను రాజైపోతాడన్న భయంతో సభలోనే పొడిచి చంపారు. కొడుకులు లేరు. మేనకోడలి కొడుకును దత్తత తీసుకున్నట్టు వీలునామాలో రాసి పోయాడు. ఆ కుర్రాడికి పద్దెనిమిదేళ్లు. ఈ దత్తత మనకొద్దు, ప్రాణం మీదికొస్తుందని కన్నతల్లే అంది. కుర్రాడు వినలేదు.

దత్తత అన్న మాట వినగానే అరుగు చివర స్తంభానికి ఆనుకుని ఉన్న రంగారావు ముందుకొచ్చాడు.

"తర్వాత ఏమైంది మావయ్యగారూ?"

"పెద్ద సేనాపతులు వాణ్ణి పిల్లవాడని నవ్వారు. పేరు తప్ప వాడి దగ్గర ఏముందన్నారు. ఆ పేరు చెప్పుకునే సైన్యాన్ని పోగేశాడు. ఒక్కొక్కరినీ దాటుకుంటూ పధ్నాలుగేళ్లలో ఒక్కడే మిగిలాడు. రక్తం తక్కువేమీ పారలేదు. శత్రువుల పేర్లు రాయించి చంపించినవాళ్లలో అతనూ ఉన్నాడు. అంతా చేతికొచ్చాక మాత్రం అధికారం సభకే తిరిగి ఇచ్చేస్తున్నానన్నాడు. సభవాళ్లు మీరే ఉంచుకోండని బతిమాలారు. ఉంచుకున్నాడు. రాజు అన్న పేరు మాత్రం పెట్టుకోలేదు. నలభై ఏళ్లు ఏలాడు."

"మా ప్రెసిడెంటుగారూ అంతే," అంది కమల. "వద్దు వద్దంటూనే మూడుసార్లు నిలబడ్డారు."

రంగారావు నవ్వలేదు. కాసు అంచు చూపించి, "ఇవి ఇంగ్లీషు అక్షరాలేగా?" అన్నాడు. వెలుతురులోకి వంచి కూడబలుక్కున్నాడు. "సీ... ఏ... ఈ... ఎస్... ఏ... ఆర్."

రోము రాజ్యంలో చెక్కిన అక్షరాలను రేపల్లె రైతు ఒకడు వేలు పెట్టి చదువుతుంటే నేను ఆ వేలి వెంటే చూపు నడిపాను.

"సీజరు. పెంచుకున్న తండ్రి పేరు. పక్కనే ఆగస్టస్ అని తన పేరు, ఈ ఆగస్టు నెలకు పెట్టింది అదే. ఇదిగో, ఇక్కడ దేవుడి కొడుకునని వేయించుకున్నాడు. చనిపోయిన తండ్రిని అక్కడివాళ్లు దేవుణ్ణి చేశారు."

"కన్నతండ్రి పేరో?"

"ఎక్కడా లేదు."

రంగారావు ఆ అక్షరాల మీంచి వేలు తీయలేదు. రత్నమ్మగారు అతని వంకే చూస్తూ, "ఏరా, ఏం చేద్దాం?" అన్నారు.

"కరిగించొద్దమ్మా. గొలుసుకు తక్కువైన బంగారం నేను కొని వేయిస్తా." భార్య వైపు చూశాడు. కమల మూతి ముడిచి, వెంటనే విప్పి, "నేనేం అడిగానంట ఇప్పుడు?" అంది.

"మరి మొహం పైకి పెట్టమ్మా," అన్నాడతను. "ఇన్నాళ్లూ బోర్లా పడుకోబెట్టాం పెద్దమనిషిని."

రత్నమ్మగారు కాసు తీసుకుని మొహం పైకి వచ్చేలా తమలపాకు మీద ఉంచారు. కుంకుమలో వేలు ముంచి ఆగారు. "నలభై ఏళ్లు రాముడనుకునే పెట్టాను. అవి రాముడికే చేరుంటాయిలే," అని తనకు తానే చెప్పుకున్నారు. తర్వాత నన్నడిగారు: "వెనకున్న ఈ పిల్లలిద్దరూ ఎవరు తమ్ముడూ?"

"అతని కూతురి కొడుకులు. గయస్, లూషియస్ అని పేర్లు. తన తర్వాత ఏలాలని ఇద్దరినీ దత్తత తీసుకున్నాడు."

"ఏలారా?"

కోటేశ్వరరావు గారు నెమ్మదిగా చెప్పమన్నది అప్పుడు గుర్తొచ్చింది. నెమ్మదిగా చెప్పడానికి అందులో మాటలు ఎక్కువ లేవు.

"లేదక్కయ్యా. కుర్రతనంలోనే ఇద్దరూ పోయారు. ఒకరి తర్వాత ఒకరు."

ఆమె వేలి మీద కుంకుమ అలాగే ఉంది. లోపల దీపం చిటపటలాడింది. రంగారావు తల దించుకున్నాడు. కాసేపటికి ఆమె రెండో చేత్తో కాసును మళ్లీ తిప్పారు. చక్రవర్తి మొహం ఆకు వైపు వెళ్లిపోయింది. అరిగిపోయిన కుర్రాళ్లు పైకి వచ్చారు.

"ఆయనకేం తమ్ముడూ, ఏకంగా నెలే ఉంది," అన్నారు. "ఈ పిల్లలకెవరున్నారు?"

ముందు ఒకరికి, తర్వాత ఒకరికి బొట్టు పెట్టారు.